హులిగెమ్మ చెప్పని మాట

గోరేబాళ,
22 జూన్ 2025

అత్తమ్మా,

నమస్కారం. క్షేమంగా చేరాను. సెల్‌ఫోన్ చేతిలో పెట్టుకుని ఈ జాబులేమిటని నా స్నేహితులు నవ్వుతున్నారు. ఏం చేయను, మా మేనత్త షరతు పెట్టింది. "ఫోన్లో అయితే నువ్వు నన్ను ఒప్పించేస్తావు. కాగితం మీదైతే ముందు నిన్ను నువ్వు ఒప్పించుకోవాలి" అన్నావు. పాతికేళ్లకు పైగా రాయచూరు కాలేజీ లైబ్రరీలో అందరికీ పుస్తకాలిచ్చి, నాకు మాత్రం చీవాట్లిచ్చినదానివి. నీ మాట కాదనే ధైర్యం నాకెక్కడిది?

నింగవ్వ అనే ఆమె ఇంట్లో గది దొరికింది. వీళ్లంతా తెలంగాణ సరిహద్దు ఊళ్ల నుంచి ఎప్పుడో నాట్లకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కూలీ కుటుంబాలు. ఇంట్లో మన తెలుగే, బజారుకు పోతే కన్నడం. నింగవ్వ మనిషి మంచిది, మాట తక్కువ. రోజూ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి, రెండు బట్టలో చుట్టుకుని ఎక్కడికో పోయి వస్తుంది. ఎవరికని అడిగితే "ఉన్నరు ఒకరు" అంది, అంతే.

నా మొదటి ఇంటర్వ్యూ ఎలా ఏడ్చిందో చెబితే నువ్వు నవ్వి ఊరుకోవు, పొరుగువాళ్లను పిలిచి మరీ చెబుతావు. నలభై రెండు ప్రశ్నల కాగితం పట్టుకుని పోయాను. బోరు కింది మడికి నారు మోసుకుపోతున్న ఒకామెను ఆపి, "పనిలో మీరు ఎదుర్కొనే ప్రధాన సమస్య ఏమిటి?" అని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇప్పుడా? నువ్వే. ఎండల నిలబెట్టినవ్" అని పోయింది. నాటు కూలీ ఆడవాళ్ల బతుకులను వాళ్ల మాటల్లోనే రాయాలని వచ్చినదాన్ని, మొదటి మాటే నా మీద పడింది.

ఇంకో సంగతి. మా గైడ్ పూర్వ సాహిత్య సమీక్ష ముందు రాయమన్నారు. ఈ ప్రాంతపు కూలీల మీద వచ్చిన థీసిస్‌లు ఏడు చదివాను. ఏడింటిలోనూ ఒకే సాక్ష్యం! గోరేబాళకు చెందిన హులిగెమ్మ అనే నాటు కూలీ చెప్పిందట. ఏడో నెల గర్భిణి మడిలో పడిపోతుంది. తోటివాళ్లు ఆమెను గట్టు మీద పడుకోబెట్టి, పట్టిన మునుం పూర్తయ్యేదాకా వంగి నాట్లు వేస్తూనే ఉంటారు. లేచి చూసేసరికి ఆమెకు ప్రాణం లేదు. మునుం అంటే గుంపంతా వరుసగా వంగి, మడిని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క దమ్మున పట్టే పని అని నింగవ్వ చెప్పింది.

తమాషా ఏమిటంటే, ఒక థీసిస్‌లో హులిగెమ్మ వయసు ఇరవై రెండు, ఇంకోదాంట్లో ముప్ఫై రెండు. మూడోదాంట్లో ఆమె మాన్వి పత్తి కూలీ అయిపోయింది. ఏడుగురూ ఒకరి భుజం మీంచి ఒకరు చూసి రాసుకున్నారు తప్ప మొదటి కాగితం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ 1997 నాటి ఒక సంస్థ నివేదిక అంటారు, రచయిత పేరు లేదు. నీ లైబ్రరీ బుర్రలో ఎక్కడైనా ఉందా అది?

నీ
మేఘ


రాయచూరు,
2 జులై 2025

చిరంజీవి మేఘకు,

ఆ నారు మోసే ఆమెకు నా తరఫున ఒక చీర పెట్టు. నీకు పాఠం చెప్పడానికి నేను మూడేళ్లు తీసుకునేదాన్ని, ఆమె మూడు మాటల్లో చెప్పింది.

ఆ ప్రశ్నల కాగితం మడిచి పెట్టె అడుగున పడేయ్. వాళ్లు పని చేసే వేళ నువ్వూ నారు అందించు. అడగకుండా ఉన్నప్పుడే మనుషులు మాట్లాడతారు. చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ చదువుకున్న తెలుగులోకి మార్చకు. ఎక్కడ ఆగారో, ఎక్కడ మాట మార్చారో అదీ రాసుకో. రాత్రి పడుకునే ముందు ఆ రోజు నువ్వు ఎలా ప్రవర్తించావో కూడా రాయి, ఎందుకంటే వాళ్లు నిన్ను చూసే మాట్లాడతారు. టౌన్ పిల్ల వచ్చిందని ఒకరు దాస్తారు, అదే కారణానికి ఇంకొకరు చెబుతారు.

సమీక్ష అంటే ఏడు పుస్తకాలకు ఏడు సారాంశాలు కట్టడం కాదు. ఎవరు ఎవరిని విన్నారు, ఎవరు వినకుండానే రాశారు, ఏ ప్రశ్న అందరూ వదిలేశారు, అది పట్టుకోవాలి. నువ్వు పట్టుకున్నావు, మెచ్చుకుంటున్నాను.

అయితే ఆ హులిగెమ్మ సాక్ష్యం జోలికి పోకు. రెండు వాక్యాలు రాసి ముందుకు సాగు. పాత నివేదికలు ఎక్కడ దొరుకుతాయి, చెదలు తినేసి ఉంటాయి. ఊళ్లో దాని గురించి ఎవరినీ అడగవద్దు. చావు సంగతి కెలకడం మంచిది కాదు.

నింగవ్వ అన్నావు. యాభై దాటి ఉంటుంది ఆమెకు. ఆరోగ్యం బాగుందా? నడుం నొప్పి ఉంటే సింధనూరులో డాక్టరుకు చూపించు, ఖర్చు నేను పంపుతాను.

ఆశీస్సులతో,
సౌభాగ్య అత్త


గోరేబాళ,
20 జులై 2025

అత్తమ్మా,

నువ్వు వద్దన్నావు, నేను వెతికాను. తిట్టేముందు మొత్తం చదువు.

సింధనూరులో వాదిరాజ్ మాస్టారని రిటైరైన టీచర్ ఉన్నారు. ఆయన పెట్టెలో ఆ నివేదిక దొరికింది. ముప్ఫై పేజీల సైక్లోస్టైల్ ప్రతి, అంచులు పొడి అవుతున్నాయి. సాక్ష్యం పంతొమ్మిదో పేజీలో ఉంది. నీకోసం ఎత్తి రాస్తున్నాను:

"హులిగెమ్మ, 22: మా గుంపుల ఒక పిల్లకు ఏడో నెల. నడుం పట్టుకొని మడిల కూలింది. గట్టు మీద పండబెట్టినం. మేస్త్రి, మునుం తెగితే ఇంకో గుంపు తయారుగున్నది, మిమ్ముల పంపిచ్చి దాన్ని దించుత అన్నడు. మేం వంగినం. ఎవ్వరం తల ఎత్తలే. నేను గూడ ఎత్తలే. మునుం అయినంక లేసినం. పిల్ల సల్లగైంది."

ఆ వెంటనే, ఈమె బతికుంటే కలవాలి కదా అనిపించింది. మాస్టారు, "బతికే ఉన్నది, నువ్వుండే ఊర్లనే" అన్నారు. నివేదిక వచ్చిన ఏడాది సింధనూరులో సభ పెట్టి ఈ పేజీ ఆయనే చదివారట. పేపర్లో వచ్చిందట. భూమి ఆసామి కోపంతో ఆ సీజనంతా గుంపును మడిలోకి దించలేదట.

ఊళ్లోకి వచ్చి హులిగెమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. చివరికి నేనే కనిపెట్టాను. ఊరి చివర ఒంటి గది. గూట్లో నింగవ్వ బట్ట మడతపెట్టి ఉంది. ఆ రెండు రొట్టెలు రోజూ ఆమెకే పోతున్నాయి.

యాభై రెండేళ్ల మనిషి, డెబ్బైలా ఉంది. నా చేతిలో పుస్తకం చూసి లోపలికి పోబోయింది. "మల్ల రాస్కపోనీకొచ్చినవా?" అంది. లేదని కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టు ఏమీ అడగలేదు. పల్లీ కాయలు వొలుస్తుంటే నేనూ వొలిచాను. రెండో రోజు ఆమే మొదలుపెట్టింది.

"ఇరవై ఎనిమిదేండ్లైంది నన్ను మునుంల నిలబడనియ్యక. మా మీద పేపర్ల రాయించినవ్ అంటరు. ఏం రాయించిన అని అడిగిన. నీకు తెల్వదా అంటరు. ఎవర్నడిగినా గదే, నీకు తెల్వదా. నాకు తెల్వదు తల్లీ. నా దగ్గరికి ఎవ్వరు రాలే, నేనెవ్వరికి చెప్పలే."

ఇంకా విను. ఆ ఏడాది శ్రావణంలో తన కొడుకు సిద్దుకు జ్వరమొస్తే రాయచూరు ఆసుపత్రిలో పది రోజులు ఉందట. తిరిగొచ్చేసరికి తన చెల్లెలు కరియమ్మను పూడ్చేశారు. ఏడో నెల కడుపు. "పాము కరిసిందంట మడిల" అని చెప్పింది నాకు. అదే ఏడు, అదే ఆసామి మడి.

నివేదికలో చనిపోయిన పిల్ల ఈమె చెల్లెలు. ఆ సంగతి ఈమెకు తెలియదు. ఆ రోజు ఈమె మడిలో లేనే లేదు. మరి పంతొమ్మిదో పేజీలో మాట్లాడింది ఎవరు? నేను మాస్టారిని నిలదీశాను, ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కసారైనా చదివి వినిపించారా అని. ఆయన ఆశ్చర్యపోయి, "ఆమె చెప్పిందే గదమ్మా, ఆమెకే మళ్ల చదివేదేముంది?" అన్నారు.

ఎవరో ఇంట్లో కూర్చుని కథ అల్లి ఈమె పేరు తగిలించారు. ఏడు థీసిస్‌లు ఆ అబద్ధం మీద కట్టారు. ఆ రాసినవాళ్లెవరో పట్టుకుని నా థీసిస్‌లో పేరుతో సహా రాస్తాను. నువ్వు వద్దన్నా వినను.

మేఘ


రాయచూరు,
27 జులై 2025

మేఘా,

రాసింది నేను.

ఈ మాట రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టాను. నీ జాబులో హులిగెమ్మ మాటలు చదివినప్పుడు వంటింట్లో నిలబడి ఉన్నాను, పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక గానీ చూసుకోలేదు. అలాంటి మనిషి ఒకామె ఉందని నాకు తెలియదు. ఒట్టు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏడు. ఆ సంస్థలో క్షేత్ర పరిశోధకురాలిగా చేరాను. నాలుగు నెలలు ఆ ఊరికి వచ్చి పోతుండేదాన్ని. ఆ సాక్ష్యంలో ఒక్క అక్షరం నేను అల్లలేదు. ఒకామె నాకు చెప్పింది. మడిలో ఉన్న మనిషే, తల ఎత్తని మనిషే. చెప్పేముందు నా చేయి తన తల మీద పెట్టించుకుని, "నా పేరు బయటికొస్తే నేను బతుక" అంది. ఆమెకు చంటిపిల్ల, ఆమె భర్త ఆ ఆసామి ట్రాక్టర్ డ్రైవర్. నేను ఒట్టు పెట్టాను.

పేరు మార్చాలి. అది పద్ధతి, నీకూ అదే నేర్పాను. తిరుగు బస్సులో వస్తున్నాను, సీటు ముందు హులిగెమ్మ జాతర పోస్టర్ అంటించి ఉంది. ఈ జిల్లాలో ఆ అమ్మవారి పేరు లేని వీధి ఉండదు కదా, ఇంత సాధారణమైన పేరు పెడితే ఎవరూ కనిపెట్టలేరని అనుకున్నాను. తెలివైన పని చేశానని సంతోషపడ్డాను కూడా. గుంపులో పన్నెండు మంది ఉంటే పదకొండు మందితో మాట్లాడాను. పన్నెండో ఆమె ఆసుపత్రిలో ఉందన్నారు. ఆమె పేరు అడగలేదు.

ఒకరిని దాచడానికి ఇంకొకరిని బజారులో నిలబెట్టాను. చనిపోయిన పిల్లకు అక్క కాబట్టి, చెప్పింది ఆమేనని ఊరంతా నమ్మి ఉంటుంది. అక్కడ లేకపోయినా పగతో చెప్పిందనుకుని ఉంటారు.

నువ్వు నా పేరు రాస్తానన్నావు. రాయి. కానీ ఆ చెప్పినామె పేరు నన్ను అడగకు. నీకు కూడా చెప్పను.

సౌభాగ్య


గోరేబాళ,
5 ఆగస్టు 2025

శ్రీమతి సౌభాగ్య గారికి,

మీ జాబు అందింది. కాలువకు నీళ్లు వదిలారు, నాట్లు మొదలయ్యాయి. ఊరంతా మడుల్లో ఉంది. హులిగెమ్మ మాత్రం పొద్దున్నే తన గడపలో కూర్చుని, గుంపు పోయేదాకా చూసి లోపలికి పోతుంది. ఇరవై ఎనిమిది నాట్ల కాలాలు ఇలాగే చూసిందట.

మీకు ఇంకొన్ని వివరాలు కావాలేమో, పరిశోధకులు కదా. హులిగెమ్మ మొగుడు ఆ గొడవ జరిగిన ఏడాదే తన ఊరికి వెళ్లిపోయాడు. కొడుకు సిద్దు మాన్విలో పత్తి లారీల మీద పని చేస్తాడు, ఊరికి రాడు. నల్లా దగ్గరకు ఆమె బిందె తెస్తే మిగతావాళ్లు మాట ఆపేస్తారు. ఎవరి పెళ్లికీ పిలుపు లేదు. నాట్ల పనిలో దిట్ట, పక్కవాళ్లకంటే రెండడుగులు ముందుండేదని వాళ్లే చెబుతారు. అలాంటి మనిషి మడి వాసన చూస్తూ ఇంట్లో కూర్చుంటుంది.

ఊళ్లో ఆమె ఇంటికి పోయే మనిషి నింగవ్వ ఒక్కతే. అప్పుడూ మాట్లాడదు, రొట్టె గడపలో పెట్టి వస్తుంది. ఈ ఊళ్లో జాలి ఉన్నది ఆమెకే అనుకున్నాను. మీకు అది కూడా లేకపోయింది.

మీ ఒట్టు గొప్పదే. అది ఎవరి బతుకు మీద నిలబడి ఉందో ఇప్పుడు మీకు తెలుసు. ఆ అసలు పేరు చెప్పండి. నేను గుంపు ముందు చెబుతాను. హులిగెమ్మ మునుంలో నిలబడుతుంది. ఆమెకు కావలసింది అదొక్కటే, నన్ను అడిగింది కూడా అదే. "చచ్చేలోపల ఒక్క పారి మునుంల నిలబడాలె" అంది.

మీరు నాకు నేర్పిందంతా మళ్లీ చదివాను. విను, రాయి, మార్చకు, దాచు. ఏం నేర్పారో బాగానే నేర్పారు. మీరు ఏం నేర్పలేదో నాకు కనిపించడం లేదు, కోపంలో ఉన్నాను.

మేఘ


రాయచూరు,
12 ఆగస్టు 2025

మేఘా,

నువ్వు నన్ను గారు అన్నావు. నీ చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా అనలేదు. అది చదివినప్పుడు ఏడ్చాను. అది నీ కోసం కాదు, నా కోసమే.

నేను ఏం నేర్పలేదో చెబుతాను. తిరిగి పోవడం నేర్పలేదు. ఒకరు చెప్పిన మాట మనం రాసుకున్నాక, అచ్చుకు పోకముందు, ఆ ఊరికి తిరిగి పోయి చదివి వినిపించాలి. ఇలా రాశాను, సరేనా, ఎవరికైనా దెబ్బ తగులుతుందా అని అడగాలి. నేను ఆ ఒక్క ప్రయాణం చేసి ఉంటే మొదటి మనిషే "అయ్యో, హులిగెమ్మ మా గుంపుల ఉన్నది" అనేది. ఎందుకు పోలేదంటే బద్ధకం. నివేదిక తొందరగా కావాలన్నారు, దూరం, బస్సులు, లైబ్రరీ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. వేరే మంచి కారణం వెతుకుతున్నాను, దొరకడం లేదు.

ఒట్టు పెట్టినామె పేరు చెప్పను. నువ్వు నన్ను అసహ్యించుకున్నా చెప్పను. ఒక తప్పు దిద్దడానికి రెండోసారి ఒక మనిషిని బజారుకు లాగలేను. కానీ హులిగెమ్మ పేరు కడగడానికి ఆ పేరు అక్కర్లేదు, నా పేరు చాలు. దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను. "ఈ మాటలు హులిగెమ్మ చెప్పలేదు, ఆ పేరు నేను పోస్టర్ చూసి పెట్టాను, తప్పు నాది" అని రాసి సంతకం చేశాను. గుంపు ముందు చదువు.

కానీ ముందు ఆమెకు చదువు. ఒంటరిగా. పంతొమ్మిదో పేజీ. ఊరందరికంటే ముందు ఆ మాట వినాల్సింది ఆమె. చెల్లెలి సంగతి అందులో ఉంది, ఎలా చెబుతావో నాకు తెలియదు. ఈ భారం నీ మీద వేస్తున్నందుకు సిగ్గుగా ఉంది. నేనే రావాలి, ఆమె రానిస్తే వస్తాను.

సౌభాగ్య


గోరేబాళ,
24 ఆగస్టు 2025

అత్తమ్మా,

ఈ జాబు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

గురువారం పొద్దున హులిగెమ్మ గదికి పోయాను. నీ మీద కోపంగా ఉన్నదాన్ని, ఆ గడప ముందు చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పాను. "అవ్వా, నీ పేరు మీద రాసిన మాటలు దొరికినయి. చదువుతా, వింటవా?" అన్నాను. ఆమె పల్లీల బుట్ట పక్కకు పెట్టి, చీర కొంగు సర్దుకుని, సర్కారు ఆఫీసులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

చదివాను. "మల్ల చదువు" అంది. మళ్లీ చదివాను. మూడోసారి చదవమంది. మూడోసారీ చదివాను.

"పాము అన్నరు గద" అంది. నన్ను కాదు, గోడను చూస్తూ. "పాము కరిసిందన్నరు గద నాకు."

అప్పుడే నింగవ్వ రొట్టెలు పట్టుకుని గడపలోకి వచ్చింది. నా చేతిలో కాగితం చూసి అక్కడే ఆగిపోయింది. హులిగెమ్మ ఆమె వైపు తిరగకుండానే అడిగింది.

"ఎంత సేపున్నది గట్టు మీద?"

నేను కాగితంలో వెతుకుతున్నాను. అందులో లేదు అది. నింగవ్వ చెప్పింది.

"సగం మునుం నాటినంక పడ్డది. తక్కిన సగం అయ్యేదాంక ఉన్నది. నీళ్లు అడిగింది. ఒక్క పారి, అక్కా, అని పిలిసింది. నిన్నే."

నింగవ్వ గడపలో కూలబడి, తల రెండు చేతుల మధ్య పెట్టుకుని, "నేనే చెప్పిన. ఆ రాయచూరు అమ్మకు నేనే చెప్పిన. నీ మీదికి పోయినంక నోరు రాలే" అంది. అప్పుడు నాకు నీ మొదటి జాబు గుర్తొచ్చింది. నేను వయసు రాయకుండానే ఆమెకు యాభై దాటి ఉంటుందని రాశావు, నడుం నొప్పి సంగతి అడిగావు. అంత దగ్గర ఉండి నేను చూడలేదు. ఆమెది జాలి అనుకున్నాను.

హులిగెమ్మ బట్ట విప్పి రొట్టెలు చూసింది. "గందుకేనా ఇది?" అంది. నింగవ్వ తల ఊపింది. హులిగెమ్మ రొట్టెలు మళ్లీ చుట్టి ఆమె ఒళ్లో పెట్టింది. "ఇయ్యాల వద్దు" అంది. కొట్టలేదు, తిట్టలేదు. కొట్టినా నాకు అంత భయం వేసేది కాదు.

రెండు రోజులు తలుపు తియ్యలేదు. నేను, నింగవ్వ బయట అరుగు మీద కూర్చున్నాం. శనివారం తలుపు తీసింది. నేను నీ కాగితం తీసి, "ఈ మాటలు నీవి కావని ఊరందరికీ చెప్పే జాబు ఇది. సంతకం ఉంది. గుంపు ముందు చదువుతా" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. పూర్తిగా విని, కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు వేసి రవికలో పెట్టుకుంది.

"ఇది చదవద్దు."

"ఎందుకవ్వా? మునుంలో నిలబడాలన్నావు కదా?"

"ఆ దినం నేను మడిల ఉండుంటే నా చెల్లె కోసం నేనే చెప్తుంటి. నేను లేను. నా పేరన్న ఉండె." నన్ను చూసి మళ్లీ అంది. "దాని కోసం ఆ మాట చెప్పాల్సింది నేనే. నా పేరు తియ్యొద్దు."

ఆమె పేరు కడగాలని నేను, నీ ఒట్టు నిలబెట్టుకోవాలని నువ్వు ఇన్నాళ్లు కొట్టుకున్నాం. ఆమెకు ఏం కావాలో ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

ఈ పొద్దున ఆమే నన్ను మడికి తీసుకుపోయింది. గుంపు మునుం సగంలో ఉంది. పాతవాళ్లు నింగవ్వతో కలిపి నలుగురే, మిగతావాళ్లు కోడళ్లు, కొత్త పిల్లలు. హులిగెమ్మ గట్టు మీద నిలబడి, "చదువు" అంది. నేను పంతొమ్మిదో పేజీ మొదలుపెట్టాను. మేస్త్రి బసవలింగప్ప గట్టు ఆ చివర నుంచి అరిచాడు. "ఏయ్, ఏందది? మునుం కానియ్యుండ్రి! అయినంక ఇనుండ్రి!"

ఎవరూ తల ఎత్తలేదు. రెండో వాక్యం చదివాను. అప్పుడు నింగవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా లేచింది. ఆమె పక్క మనిషి లేచింది. తర్వాత ఆ పక్క పిల్ల. పాతవాళ్లలో ఒకామె లేస్తూనే ఏడ్చింది. నారు చేతుల్లో పట్టుకుని మడి మధ్యలో అందరూ నిలబడ్డారు. బసవలింగప్ప ఇంకా అరుస్తున్నాడు. మునుం ఆగిపోయింది, అత్తమ్మా. నేను చివరి మాట దాకా చదివాను.

అయిపోయాక హులిగెమ్మ చీర పైకి దోపుకుని మడిలోకి దిగింది. నింగవ్వ పక్కకు జరిగింది, ఒక మనిషి పట్టేంత. హులిగెమ్మ ఆ చోట వంగి, ఎవరి దగ్గరా అడగకుండా నింగవ్వ చేతిలో నారులో సగం తీసుకుంది. మిగిలిన ముగ్గురు పాతవాళ్లలో ఇద్దరు గట్టెక్కి ఇంటికి పోయారు. తక్కినవాళ్లు నాటారు.

నా థీసిస్‌లో నింగవ్వ పేరు ఉండదు. ఆమె నా ఎదుట చెప్పింది, నా మీద నమ్మకంతో చెప్పింది. హులిగెమ్మ పేరు అలాగే ఉంటుంది, ఆమె అనుమతితో అని రాస్తాను. నీ పేరు నేను రాయను, నువ్వే వచ్చి ఆమెతో చెప్పి రాసుకో.

ఆమెను అడిగాను, మా అత్తమ్మ వస్తుందట, రానిస్తావా అని. మడిలోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"రమ్మను. ఈ పారి అడిగి రాయమను."

నీ
మేఘ